ఒక్క అనాసపండుతో ఎన్ని చేయొచ్చు: కేసరి, చారు, పచ్చడి, జ్యూస్, చివరికి తొక్కలతో కూడా

పైనాపిల్‌తో ఏదైనా చేద్దామని మొదలుపెట్టి విసిగిపోయినవాళ్లు సాధారణంగా రెండు మాటలంటారు. "మిల్క్‌షేక్ చేస్తే చేదెక్కింది" అనేది ఒకటి, "రెండు ముక్కలు తినేసరికి నాలుక మంటెత్తిపోయింది" అనేది ఇంకొకటి. రెండింటి వెనకా ఉన్నది ముఖ్యంగా పచ్చి పండులోని బ్రొమెలైన్ అనే ఎంజైమ్. ప్రొటీన్ ఎక్కడ కనబడితే అక్కడ దాన్ని విరగ్గొట్టడమే దాని పని. పాలలో పడితే పాలను, పెరుగులో పడితే పెరుగును, చికెన్‌కి పట్టిస్తే చికెన్‌ను, నోట్లో పెట్టుకుంటే మన నాలుకనూ వదలదు. అయితే బాగా ఉడికిస్తే దాని పని అయిపోతుంది. ఫ్రీజర్‌లో పెడితే మాత్రం పోదు, కాసేపు నిద్రపోయి మళ్లీ లేస్తుంది.

కాబట్టి ఏం చేసినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ పండుకు పాలు, పెరుగు తగులుతాయా? తగిలేట్టయితే ముక్కల్ని ముందే ఉడికించాలి. తగలకపోతే పచ్చిగా వాడుకోవచ్చు. కింద చెప్పేవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

పండు ఎంచుకోవడం

మామిడికాయలా గడ్డిలో వేసి మగ్గబెట్టుకుందాంలే అనుకుని గట్టి పైనాపిల్ కొనకండి. కోశాక ఇది తియ్యబడదు. ఇంట్లో నాలుగు రోజులుంచితే తోలు పసుపెక్కుతుంది, కాస్త మెత్తబడుతుంది, అంతే. తీపి చెట్టు మీద ఎంత ఎక్కిందో అంతే. అందుకే కొనేటప్పుడే చూసుకోవాలి. పండును తిరగేసి అడుగున ముక్కు పెట్టండి. తియ్యటి వాసన రావాలి. ఏ వాసనా లేకపోతే అది ఇంకా కాయే. పులిసిన కల్లు వాసన వస్తే దాని టైమ్ అయిపోయినట్టు. చేతిలో పట్టుకుంటే సైజుకు మించిన బరువుండాలి. పైన పిలకలో ఆకు లాగితే ఊడొస్తే పండినట్టని చాలామంది చెబుతారు గానీ, నేను ముక్కునే నమ్ముతాను.

ఉత్తరాంధ్రలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వర్షాలు మొదలయ్యే రోజుల్లో సీతంపేట ఏజెన్సీ నుంచి, సింహాచలం కొండ మీద నుంచి పండ్లు వస్తాయి. మిగతా చోట్ల దొరికేవాటిలో కేరళ నుంచి వచ్చేవి ఎక్కువ. అక్కడి వాళకుళం పైనాపిల్‌కి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రకాల గొడవలోకి పోకుండా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. క్యూ రకం పెద్దగా, రసం ఎక్కువగా ఉంటుంది, జ్యూస్‌కి, చారుకి బాగుంటుంది. క్వీన్, మారిషస్ రకాలు చిన్నవి. కండ బంగారు రంగులో, గట్టిగా, వాసనగా ఉంటుంది. కేసరికి ఇవే వేయాలి.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి డబ్బా పైనాపిల్ మీద ఆధారపడేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. డబ్బాలో పెట్టేటప్పుడే దాన్ని వేడిచేస్తారు కాబట్టి బ్రొమెలైన్ బెడద ఉండదు, నేరుగా పెరుగులో కలిపేసుకోవచ్చు. పాకంలో ఉన్నది కాకుండా దాని సొంత రసంలో ఉన్న డబ్బా కొనండి. పాకంలోదే దొరికితే వంటలో పంచదార తగ్గించుకోండి.

కోయడం

ముందు పండును పిలకతో సహా పంపు కింద పెట్టి గట్టి బ్రష్‌తో రుద్ది కడగండి. తొక్కలు పారేయకుండా వాడబోతున్నాం కాబట్టి ఈ పని కోశాక కాదు, కోయకముందే చేయాలి. సబ్బు వద్దు, రాళ్ల ఉప్పుతో రుద్దితే చాలు.

పిలకను ఒక చేత్తో, పండును ఇంకో చేత్తో పట్టుకుని మెలిపెడితే ఊడొస్తుంది. పైనా కిందా ఒక్కో చెక్క తీసేసి, పండును నిలబెట్టి తోలును పైనుంచి కిందికి పలచగా చెక్కండి. లోతుగా చెక్కితే కళ్లన్నీ పోతాయి నిజమే, వాటితో పాటు మంచి కండ కూడా పోతుంది. పలచగా చెక్కాక గోధుమరంగు కళ్లు మిగులుతాయి. కాస్త దూరం నుంచి చూడండి, అవి అడ్డదిడ్డంగా ఉండవు, పండు చుట్టూ ఏటవాలుగా వరసలు కట్టి ఉంటాయి. ఆ వరస వెంబడే కత్తిని అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి వాలుగా పోనిస్తే మూడు నాలుగు కళ్లు ఒక్క చీలికతో లేచొస్తాయి. బండ్ల మీద అమ్మేవాళ్లు మెట్ల మెట్లుగా చెక్కేది అందం కోసం కాదు, కండ దండగ కాకుండా ఉండటం కోసం.

తర్వాత పండును నిలువునా నాలుగు చేసి, మధ్యలో ఉన్న గట్టి కాడను తీసేయండి. దాన్ని పారేయకండి, చారుకి, జ్యూస్‌కి పనికొస్తుంది.

ఇంకో సంగతి. పండు అంతా ఒకే తీపి ఉండదు. అడుగు భాగం తియ్యన, పిలక వైపు పులుపు. అందుకని కింది సగాన్ని తినడానికి, కేసరికి, జ్యూస్‌కి పెట్టుకుని, పై సగాన్ని చారుకి, పచ్చడికి, పులిహోరకి వాడండి. ఒకే పండుతో రెండు మూడు రకాలు చేసేవాళ్లకు ఇదే సులువైన పంపకం.

పచ్చి ముక్కలే తినేట్టయితే కాస్త ఉప్పు, కారం చల్లుకోండి. పులుపు అణుగుతుంది, నాలుకకూ హాయిగా ఉంటుంది.

పైనాపిల్ కేసరి

పెళ్లి టిఫిన్లలో పెట్టే పైనాపిల్ కేసరిలో చాలాసార్లు ఉండేది ఎసెన్సూ, పసుపు రంగూ. పండు ముక్కలు వెతుక్కోవాలి. ఇంట్లో చేసేదానికి ఆ రెండూ అక్కర్లేదు.

బొంబాయి రవ్వ 1 కప్పు, సన్నగా తరిగిన ముక్కలు 1 కప్పు, పంచదార కప్పుంబావు, నెయ్యి అరకప్పు, నీళ్లు రెండున్నర కప్పులు, కాసిని జీడిపప్పులు. యాలకుల పొడి వేయకండి. తీపి వంటకం అనగానే చెయ్యి యాలకుల డబ్బా మీదికి పోతుంది గానీ, ఇక్కడ అది పండు వాసనను మింగేస్తుంది.

మందపాటి మూకుట్లో రెండు చెంచాల నెయ్యి వేసి జీడిపప్పు వేయించి పక్కన పెట్టండి. అదే నెయ్యిలో రవ్వ పోసి సన్నటి సెగ మీద ఆరేడు నిమిషాలు కలుపుతూ వేయించండి. రంగు మారకూడదు, కమ్మటి వాసన మాత్రం రావాలి. వెంటనే పళ్లెంలోకి తీసేయండి, మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికి మాడుతుంది.

ఇప్పుడు అదే మూకుట్లో ముక్కలు వేసి, మూడు చెంచాల పంచదార చల్లండి. ముందు నీరు ఊరుతుంది, ఐదు నిమిషాల్లో అది చిక్కబడుతుంది, ముక్కలు అద్దంలా మెరుస్తూ కనబడతాయి. ఈ మెట్టు దాటేసి ముక్కల్ని నేరుగా నీళ్లలో వేస్తే కేసరి తియ్యగా, ముక్క పుల్లగా విడివిడిగా తగులుతాయి. ముక్క తీపి పీల్చుకున్నాక నీళ్లు, చిటికెడు ఉప్పు, నాలుగు కుంకుమపువ్వు రేకలు వేయండి. కుంకుమపువ్వు లేకపోతే గోరంత పసుపు చాలు.

నీళ్లు తెర్లుతున్నప్పుడు సెగ తగ్గించి, ఒక చేత్తో రవ్వను సన్నటి ధారగా పోస్తూ ఇంకో చేత్తో కలపండి. చిందుతుంది, పొడవాటి గరిటె తీసుకోండి. నీళ్లు ఇగరగానే మూతపెట్టి మూడు నిమిషాలు మగ్గనివ్వండి. రవ్వ పూర్తిగా మెత్తబడ్డాకే మిగతా పంచదార వేయాలి, ముందే వేస్తే రవ్వ సరిగ్గా ఉడకక పలుకుపలుకుగా ఉండిపోతుంది. పంచదార పడగానే గట్టిగా ఉన్నదల్లా ఒక్కసారిగా జారుగా అయిపోతుంది. టెన్షన్ పడి ఇంకాస్త రవ్వ పోసేయకండి. కలుపుతూ ఉంటే రెండు మూడు నిమిషాల్లో దగ్గరపడుతుంది. మిగతా నెయ్యిని మూడు విడతలుగా వేస్తూ, ముద్ద మూకుడు అంచుల్ని వదిలి గరిటెతో పాటు తిరిగేదాకా కలిపి దించండి. జీడిపప్పు పైన చల్లండి. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది కాబట్టి కాస్త జారుగా ఉన్నప్పుడే దించడం మేలు.

పైనాపిల్ చారు

నన్నడిగితే ఈ పండుతో చేసే వంటల్లో మొదటి మార్కు దీనికే. వానాకాలంలో జలుబు చేసినప్పుడు అన్నంలో కాకుండా గ్లాసులో పోసుకుని తాగే చారు ఇది.

పిలక వైపు పుల్లటి ముక్కలు ఒకటిన్నర కప్పు తీసుకోండి. అందులో సగం, మధ్య కాడతో కలిపి మిక్సీలో కచ్చాపచ్చాగా తిప్పండి. మిగతా సగం చిన్న ముక్కలుగా ఉంచండి. రెండు టమాటాలు చేత్తో చిదమండి. మూడు చెంచాల కందిపప్పు మెత్తగా ఉడికించి, పలచటి కట్టు చేసుకోండి. మిరియాలు, జీలకర్ర, ధనియాలు ఒక్కో చెంచా, వెల్లుల్లి నాలుగు రెబ్బలు రోట్లో నలగ్గొట్టండి. మెత్తటి పొడి కానక్కర్లేదు.

స్టీలు గిన్నెలో టమాటా, నూరిన పైనాపిల్, ముక్కలు, పసుపు, ఉప్పు, మూడు కప్పుల నీళ్లు పోసి పది నిమిషాలు మరిగించండి. కళాయి లేని ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలు వద్దు, పులుపు వాటిని తింటుంది. పచ్చివాసన పోయాక పప్పుకట్టు, నలగ్గొట్టిన మసాలా వేయండి. చింతపండు రసం అక్కర్లేదు. పండు మరీ తియ్యనిదైతే మాత్రం చివర్లో అరచెక్క నిమ్మకాయ పిండుకోండి. ఇక్కడి నుంచి గిన్నె దగ్గరే నిలబడండి. అంచుల నుంచి నురగ లేచి మధ్యకు కమ్ముకుంటుంది, అప్పుడే కట్టేయాలి. తెర్లనిచ్చారా, మిరియాల ఘాటు, పండు వాసన రెండూ ఆవిరైపోతాయి. నెయ్యిలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు వేసి, కొత్తిమీర చల్లి మూతపెట్టండి. పది నిమిషాలు ఆగి వడ్డించండి.

పుల్లటి ముక్కలు ఇంకా మిగిలితే తురిమి, మామిడికాయ పులిహోర పద్ధతిలోనే చేసుకోవచ్చు. తురుమును పోపులో నీరంతా ఇగిరేదాకా వేయించాలి, లేకపోతే అన్నం ముద్దవుతుంది. పులిహోర పోపులో పల్లీలు కాస్త ఎక్కువ వేయండి.

పెరుగు పచ్చడి

మలయాళీల ఓణం విస్తట్లో కనబడే పచ్చడి ఇది. మన పెరుగు పచ్చళ్ల పక్కన బాగానే ఇముడుతుంది. కప్పు ముక్కల్ని చిటికెడు పసుపు, ఉప్పు, రెండు చెంచాల బెల్లం, పావుకప్పు నీళ్లతో మెత్తగా ఉడికించండి. పాలు, పెరుగు సంగతి పైన చెప్పుకున్నాం కదా, ఆ ఉడికించడం ఇందుకే. అరకప్పు కొబ్బరి, రెండు పచ్చిమిర్చి, అరచెంచా జీలకర్ర నూరి, చివర్లో పావుచెంచా ఆవాలు వేసి ఒక్క తిప్పు తిప్పండి. ఆవాలు మెత్తగా నలిగితే చేదు. ఈ ముద్దను ముక్కల్లో కలిపి రెండు నిమిషాలు ఉడికించి, స్టవ్ కట్టేసి, పూర్తిగా చల్లారాక కప్పు చిలికిన పెరుగు కలపండి. పోపు కొబ్బరినూనెతో పెడితే మలయాళ రుచి, మామూలు నూనెతో పెడితే మన రుచి.

చికెన్‌లో

ఇక్కడ బ్రొమెలైన్ మనకు పనికొస్తుంది. అరకిలో చికెన్‌కి రెండు చెంచాల పచ్చి పైనాపిల్ రసం, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి 20 నిమిషాలు ఉంచితే ముక్క మెత్తబడుతుంది. అంతే సేపు. పొద్దున పట్టించి రాత్రి వండుదామనుకుంటే పైపొర పిండిపిండిగా అయిపోతుంది, పెనం మీద వేశాక ముక్క నిలవదు. ముదురు మటన్‌కైతే గంట దాకా ఆగొచ్చు.

ఇక గ్లాసులోకి

మామూలు జ్యూస్‌కి రెండు కప్పుల తియ్యటి ముక్కలు, కప్పు చల్లటి నీళ్లు. మిక్సీని ఆపకుండా తిప్పితే గ్లాసులో సగం నురగే ఉంటుంది, అందుకని ఆపుతూ ఆపుతూ తిప్పండి. పెద్ద కన్నాల జల్లెడలో వడకట్టండి. రుచి చూశాకే పంచదార సంగతి ఆలోచించండి, చాలాసార్లు చిటికెడు ఉప్పు వేస్తే పంచదార అవసరమే పడదు. మిరియాల పొడి, చిన్న అల్లం ముక్క బాగుంటాయి. పుదీనా వేసేట్టయితే మిక్సీలో కాకుండా చేత్తో నలిపి గ్లాసులో వేయండి, మిక్సీలో తిప్పితే జ్యూస్ రంగు మారి పసరు వాసన వస్తుంది. ఐసు కూడా గ్లాసులోనే. నానబెట్టిన సబ్జా గింజలు ఒక చెంచా వేసుకుంటే ఎండాకాలం మధ్యాహ్నానికి సరిపోతుంది.

తరచూ డ్రింకులు కలుపుకునేవాళ్లు ఒక సీసా సిరప్ చేసి పెట్టుకుంటే మంచిది. రెండు కప్పుల మిక్సీ పట్టిన గుజ్జు, ఒకటిన్నర కప్పు పంచదార, అరకప్పు నీళ్లు కలిపి సన్నటి సెగ మీద పది పన్నెండు నిమిషాలు ఉడికించి, వడకట్టి, చల్లార్చి తడిలేని గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు వారాలు ధీమాగా ఉంటుంది.

సోడాకి: గ్లాసులో ముందు రెండు మూడు చెంచాల సిరప్, నిమ్మరసం, చిటికెడు నల్లుప్పు. ఆ పైన సోడాను గ్లాసు అంచు వెంట నెమ్మదిగా పోయండి. సోడా ముందు పోసి సిరప్ తర్వాత వేస్తే బల్లంతా తుడుచుకోవాల్సి వస్తుంది.

మిల్క్‌షేక్‌కి: ఉడికిన సిరప్ కాబట్టి చేదు రాదు. అయినా పండులో పులుపు ఉంటుంది, అందుకని పాలూ సిరప్పూ రెండూ బాగా చల్లగా ఉండాలి. గోరువెచ్చటి పాలలో పోస్తే విరిగిపోవచ్చు. గ్లాసు పాలకు మూడు చెంచాల సిరప్, ఒక స్కూప్ వెనీలా ఐస్‌క్రీమ్ వేసి తిప్పి వెంటనే తాగేయండి. నిమ్మరసం దీని దరిదాపుల్లోకి రానీయకండి.

కొబ్బరిపాలతో పైనాపిల్‌కి ఉన్న పొత్తు పీనా కొలాడాతో ప్రపంచమంతా పాకింది. ప్యూర్టో రికోలో పుట్టిన డ్రింకు ఇది, 1978లో ఆ దీవి దీన్ని తన అధికారిక పానీయంగా ప్రకటించుకుంది. అక్కడ తీపి కలిపిన కొబ్బరి క్రీమ్ వాడతారు. మనకు ఆ డబ్బా అక్కర్లేదు, కొబ్బరికాయ కొట్టి పిండిన చిక్కటి మొదటి పాలు చాలు. కప్పు పైనాపిల్ జ్యూస్, అరకప్పు మొదటి పాలు, రెండు చెంచాల సిరప్, గుప్పెడు ఐసు మిక్సీలో తిప్పితే రెండు గ్లాసులవుతుంది. ఇందులో మాత్రం ఐసు మిక్సీలోనే వేయాలి, ఆ చిక్కదనం దానివల్లే వస్తుంది. రమ్ కావాలనుకునేవాళ్లకు గ్లాసుకు 50 మిల్లీలీటర్ల వైట్ రమ్ సరిపోతుంది. ఇంట్లో పార్టీ అయితే జగ్గులో రమ్ కలపకండి. జగ్గు అందరికీ, రమ్ అడిగినవాళ్ల గ్లాసులో విడిగా. పిల్లలు పొరపాటున తాగుతారన్న భయం ఉండదు. డార్క్ రమ్ ఉంటే కొబ్బరిపాలు మానేసి, ఒక వంతు రమ్‌కి మూడు వంతుల జ్యూస్, నిమ్మచెక్క, రెండు లవంగాలు వేసి చూడండి. నాకు కొలాడా కంటే ఇదే నచ్చుతుంది.

తొక్కలతో తెపాచే

మెక్సికోలో వీధి బండ్ల మీద అమ్మే పానీయం ఇది. పైనాపిల్ తొక్కల్ని వాళ్ల పిలొన్సీయో అనే చెరకు బెల్లంతో నీళ్లలో పులియబెడతారు. మన బెల్లం దానికి అచ్చంగా సరిపోతుంది.

కడిగి పెట్టుకున్న తొక్కలు, కాడ మిగిలితే అది, 150 గ్రాముల బెల్లం, అంగుళం దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, కాచి చల్లార్చిన నీళ్లు ఒకటిన్నర లీటరు. తొక్కల్ని మాత్రం ఉడికించకండి. పులియబెట్టే ఈస్ట్ వాటి మీదే ఉంటుంది, ఉడికిస్తే అది చచ్చిపోతుంది. వెడల్పు మూతి గాజు జాడీలో అన్నీ వేసి బెల్లం కరిగేదాకా కలిపి, తొక్కలు నీళ్లలో మునిగేలా పైన చిన్న గిన్నె బరువు పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి. స్టీలు మూత బిగించకండి, గ్యాస్ బయటికి పోవాలి.

ఎండాకాలంలో ఒక రోజు దాటేసరికే బుడగలు లేస్తాయి, వానాకాలంలో రెండు మూడు రోజులు పడుతుంది. రోజుకు రెండుసార్లు తడిలేని గరిటెతో కలపండి. పైన తేలే తెల్లటి నురగ మామూలే, తీసేయండి. ఆకుపచ్చగానో, నల్లగానో, గులాబీ రంగులోనో బూజు కనబడితే పైపైన తీసి మిగతాది తాగుదాం అనుకోకండి, మొత్తం పారబోయండి. రెండో రోజు నుంచి రుచి చూస్తూ ఉండండి. తీపి తగ్గి, పులుపు తగిలి, నాలుక మీద చిమచిమలాడితే అయినట్టు. ఇంకా ఉంచితే వెనిగర్ వైపు పోతుంది. ఇందులో కొద్దిగా ఆల్కహాల్ తయారవుతుంది కాబట్టి పిల్లలకు, గర్భిణులకు, మందు ముట్టనివాళ్లకు పోయకండి. పోసేముందు చెప్పండి.

వడకట్టి, సీసాలో పైన నాలుగు వేళ్ల జాగా వదిలి పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. అక్కడ కూడా నెమ్మదిగా పులుస్తూనే ఉంటుంది, అందుకని రోజుకోసారి మూత వదులు చేసి గ్యాస్ పోనివ్వండి. గాజు కంటే ప్లాస్టిక్ సీసా నయం, నొక్కి చూస్తే లోపల ఎంత బిగిసిందో తెలుస్తుంది. నాలుగైదు రోజుల్లో తాగేయాలి. ఐసు వేసి, సగం సోడాతో కలిపి, అంచుకు ఉప్పూ కారం అద్దిన గ్లాసులో పోస్తే బాగుంటుంది. తొక్కలు ఇంకా గట్టిగానే ఉంటే 100 గ్రాముల బెల్లం, లీటరు నీళ్లతో రెండో విడత వేసుకోవచ్చు. అది కాస్త పలచగా వస్తుంది, మూడో విడతకు మాత్రం ఆశపడొద్దు.